ఆగి ఉన్న లారీని వెనక నుంచి గుద్దితే తప్పంతా మనదేనా?

బైరాగిపట్టెడ కోడలు – ఆగస్టు 3, 2025

ఇలాంటివి తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త ఓపికగా చదవండి. ఏది ముఖ్యమో ఏది కాదో నాకు తెలియడం లేదు కాబట్టి అన్నీ రాస్తున్నాను.

జూన్ 22, ఆదివారం. కాణిపాకంలో దర్శనం చేసుకుని తిరుపతికి తిరిగి వస్తున్నాం. కారు మా ఆయన నడుపుతున్నారు. పక్కన నేను, వెనక మా అత్తమ్మ, మా ఏడేళ్ళ బాబు. పూతలపట్టు దాటాం, గాదంకి టోల్‌గేటు ఇంకా రాలేదు. రాత్రి తొమ్మిది దాటింది. ఎడమ వైపు ఒక లారీ ఆగి ఉంది. తోతాపురి కాయల లోడు, ఏదో గుజ్జు ఫ్యాక్టరీకి పోతూ టైరు పంచరై ఆపుకున్నారంట. సగం మట్టి మీద, సగం రోడ్డు మీద. వెనక ఒక్క లైటు లేదు. మా ఆయన చివరి క్షణంలో చూసి కుడికి తిప్పారు కానీ కారు ఎడమ భాగమంతా లారీ కిందికి దూరింది. లారీ వెనక రెండు రాళ్ళు, ఒక వేపకొమ్మ పెట్టారని డ్రైవర్ చెబుతున్నాడు. నేను ఏ కొమ్మా చూడలేదు.

మా ఆయనకు కుడి తొడ ఎముక విరిగింది, రాడ్ వేశారు. అత్తమ్మకు 63 ఏళ్ళు, తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. నాకు మోచేయి, నుదుటి మీద కుట్లు. బాబుకు ఏమీ కాలేదు, ఆ దేవుడి దయ. 108 వాళ్ళు మమ్మల్ని రుయాకు తెచ్చారు, తర్వాత బంధువులు ఒక ప్రైవేటు ఆసుపత్రికి మార్చారు. ఇప్పటికి ఇద్దరికీ కలిపి 4,25,000 అయింది. హెల్త్ పాలసీ లేదు. నా గాజులు, అత్తమ్మ కాసుల దండ కుదువ పెట్టాం.

మేము ఆసుపత్రిలో ఉండగానే ఆ లారీ డ్రైవర్ స్టేషన్‌కు వెళ్ళి ముందు ఫిర్యాదు ఇచ్చేశాడు. ఎఫ్ఐఆర్‌లో మా ఆయనే నిందితుడు. అతివేగం, నిర్లక్ష్యం అని రాశారు. "వెనక నుంచి గుద్దినవాడిదే తప్పు కదమ్మా, ఇందులో మాట్లాడేదేముంది" అన్నారు స్టేషన్‌లో. ఇంటికి వచ్చినవాళ్ళందరూ అదే మాట. చివరికి మా ఆయన కూడా "నేను చూసుకోవాల్సింది, అమ్మను నేనే ఇట్లా చేశాను" అంటూ రాత్రిళ్ళు నిద్రపోవడం లేదు. అబద్ధం చెప్పను, వేగం 80 దాకా ఉంది. మందు ముట్టరు. ఫోన్ నా చేతిలో ఉంది.

లారీ ఓనరు మనుషులు వచ్చి 60,000 ఇస్తాం, కేసు వద్దు, ఒక కాగితం మీద సంతకం పెట్టండి అంటున్నారు. కారు షెడ్డులో పడి ఉంది. 2020 మోడల్, ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది, పాలసీలో విలువ 4,10,000. షెడ్డువాళ్ళు రిపేరుకు 3,65,000 ఎస్టిమేట్ ఇచ్చారు. అక్కడి మేనేజర్ క్లెయిమ్ ఫారంలో "కుక్క అడ్డం వచ్చింది, తప్పించబోయి లారీకి తగిలింది" అని రాయమంటున్నాడు. అట్లా రాస్తే తొందరగా పాసవుతుందంట. ఇంకా సంతకం పెట్టలేదు.

ఆ రాత్రి మొట్టమొదట వచ్చింది పక్క మామిడితోపు కాపలా ఆయన. టార్చి లైటు పట్టుకుని పరిగెత్తుకొచ్చి బాబును ఎత్తుకున్నాడు. "చీకటి పడినప్పటి నుంచి ఇక్కడే ఉందమ్మా ఈ లారీ, లైటు వేసుకోమని నేను కూడా చెప్పినా" అన్నాడు. ఆ మాట నా చెవుల్లో ఇంకా ఉంది. పేరు అడగలేదు, ఫోన్ నంబరు తీసుకోలేదు.

నిజంగా తప్పంతా మాదేనా? డబ్బు తీసుకుని ఊరుకోవాలా? దయచేసి ఎవరైనా చెప్పండి.


చెర్లోపల్లి వాసి – ఆగస్టు 3

చెల్లెమ్మా, బాధగా ఉంది చదువుతుంటే. నా మాట కటువుగా ఉంటే ఏమనుకోవద్దు. మా బావ కేసు కోర్టులో నాలుగేళ్ళు నడిచింది. వాయిదాకు వెళ్ళిన ప్రతిసారీ ఒక రోజు కూలి పోయింది. పైగా ఎఫ్ఐఆర్ మీ మీదే ఉంది. 60 కాకపోతే లక్ష అడిగి తీసుకుని మనశ్శాంతిగా ఉండండి. మనిషి బతికాడు, అది చాలు.


పీలేరు రోడ్డు – ఆగస్టు 3

అమ్మా, పై అన్న ప్రేమతోనే చెప్పారు. కానీ ఆ మాట విని నేను ఏం పోగొట్టుకున్నానో రాస్తాను, తర్వాత మీ ఇష్టం.

2022 అక్టోబరులో భాకరాపేట ఘాట్ దాటి వస్తుంటే చెరకు ట్రాక్టరును వెనక నుంచి గుద్దాను. అదీ ఆగి ఉన్నదే, లైటు లేనిదే. బండిలో మా అమ్మ ఉంది. నా ఎడమ చేయి మణికట్టు దగ్గర ఇప్పటికీ పూర్తిగా తిరగదు, వెల్డింగ్ పని మానేసి సామాన్ల కొట్టు పెట్టుకున్నాను. ఎఫ్ఐఆర్ నా మీదే. అందరూ "వెనక నుంచి గుద్దావు కదా" అన్నారు. నేనూ నమ్మాను. అమ్మ మంచం మీద మూలుగుతుంటే ఏ కొడుకైనా నమ్ముతాడు. మీ ఆయన పరిస్థితి నాకు అర్థమవుతుంది.

నేను చేసిన పెద్ద పొరపాటు ఒకటి ఉంది. క్రిమినల్ కోర్టులో "తప్పు ఒప్పేసుకుని ఫైన్ కట్టెయ్, ఒక్క పూటలో అయిపోతుంది" అన్నారు. కట్టేశాను. తర్వాత నా చేతికి నష్టపరిహారం కోసం ట్రిబ్యునల్‌కు (యాక్సిడెంట్ పరిహారాలు తేల్చే కోర్టుకు) పోతే, ట్రాక్టర్ ఇన్సూరెన్స్ లాయర్ మొదట బయటికి తీసిన కాగితం అదే. "ఈయనే నేరం ఒప్పుకున్నాడు" అని. జడ్జిగారు ట్రాక్టరుకు లైటు లేదన్న సంగతి కూడా చూశారు కాబట్టి సగం తప్పు వాళ్ళది, సగం నాది అన్నారు. నాకు రావాల్సినదాంట్లో సగం పోయింది. అదే మా అమ్మ కేసులో ఒక్క రూపాయి కూడా తగ్గించలేదు. ఎందుకంటే ఆమె వెనక కూర్చున్న మనిషి, స్టీరింగ్ ఆమె చేతిలో లేదు. ఈ తేడా నాకు మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

కాబట్టి మీ ఆయన క్లెయిమ్ వేరు, మీ అత్తమ్మది వేరు, మీది వేరు. మూడింటినీ ఒకే మూటలో కట్టి 60,000కు ఇవ్వకండి. వాళ్ళు సంతకం అడుగుతున్న కాగితంలో "మాకు ఎవరి మీదా ఏ క్లెయిమూ లేదు" అన్న వాక్యం ఉంటుంది చూసుకోండి. ఖాళీ స్టాంపు పేపరు మీద అయితే చేయి కూడా పెట్టొద్దు.

ఇంకోటి. ఆ కాపలా ఆయన్ను ఈ వారంలోనే వెతకండి. తోతాపురి కోత అయిపోయింది. తోపు ఖాళీ అయితే కాపలా వాళ్ళు గుడిసె విప్పుకుని సొంతూరు వెళ్ళిపోతారు. మళ్ళీ పూత సీజనుకు గానీ రారు, వచ్చినా అదే తోపుకు వస్తారని లేదు. నాకు సాక్షి లేకపోబట్టే సగం పోయింది. మీకు ఉన్నాడు.


రిటైర్డ్ సర్వేయర్, చిత్తూరు – ఆగస్టు 4

నేను ముప్పై ఏళ్ళకు పైగా యాక్సిడెంట్ బళ్ళు చూసి నష్టం లెక్కగట్టిన మనిషిని. కారు సంగతి వరకు నేను చెప్పగలను.

ముందు ఆ కుక్క కథ. దయచేసి రాయకండి అమ్మా. మీ సొంత కారుకు ఫుల్ పాలసీ ఉన్నప్పుడు తప్పు మీదైనా సరే రిపేరు క్లెయిమ్ ఇస్తారు. మందు తాగి నడిపినా, లైసెన్సు లేకపోయినా తిరస్కరిస్తారు గానీ, గుద్దింది మీరే అని ఆపరు. అంటే ఆ అబద్ధంతో మీకు వచ్చే లాభం ఏమీ లేదు. నష్టం మాత్రం చాలా ఉంది. రేపు ట్రిబ్యునల్‌లో మీరు "లైటు లేని లారీ" అంటారు, అవతలి లాయర్ మీ సంతకం ఉన్న ఫారం తీసి "అప్పుడు కుక్క అన్నారే" అంటాడు. లారీ వాడిని మీ చేతులతో మీరే కాపాడినట్టు అవుతుంది. జరిగింది జరిగినట్టు రాయండి: ఇన్ని గంటలకు, ఫలానా చోట, లైట్లు లేకుండా రోడ్డు మీదికి ఆపి ఉన్న లారీకి తగిలింది. అంతే.

ఇక లెక్క. రిపేరు ఖర్చు పాలసీలో విలువకు 75 శాతం దాటితే బండిని టోటల్ లాస్ కింద, అంటే బాగుచేయడం దండగ అన్నట్టు చూస్తారు. మీకు 4,10,000లో 75 శాతం అంటే 3,07,500. షెడ్డు ఎస్టిమేట్ 3,65,000 కాబట్టి దాటింది కదా అనిపిస్తుంది. కానీ సర్వేయర్ చూసేది షెడ్డు రాసిన అంకెను కాదు, పాలసీ షరతుల ప్రకారం తను తేల్చిన అంకెను. బండికి నాలుగేళ్ళు దాటి ఐదు నిండకపోతే ఇనప భాగాలకు 35 శాతం తరుగు తీస్తారు. ప్లాస్టిక్, రబ్బరు, బ్యాటరీ, ఎయిర్‌బ్యాగులకు 50 శాతం. అద్దాలకు తరుగు లేదు, లేబర్‌కు లేదు. మీకు జీరో డెప్ (తరుగు తీయకుండా ఇచ్చే అదనపు కవరు) లేకపోతే ఈ కోతలన్నీ పడతాయి. అప్పుడు ఆ అంకె 3,07,500 కిందికి రావచ్చు. రిపేరే చేస్తామంటారు, మీ చేతి నుంచి లక్షకు పైనే పడవచ్చు.

అందుకని బండిని పూర్తిగా విప్పించి చూడమని రాతపూర్వకంగా అడగండి. కారు ఎడమ భాగమంతా లారీ కిందికి దూరిందంటే పైకి కనిపించని చోట చాసిస్ వంగి ఉండవచ్చు. విప్పాక బయటపడే నష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. సర్వేయర్ రిపోర్టు కాపీ అడిగి తీసుకోండి, అది మీకు ఇవ్వాల్సిందే. టోటల్ లాస్ అయితే విలువంతా ఇస్తారు. తుక్కు కారు మీరే ఉంచుకుంటామంటే దాని ధర తీసేసి మిగతాది ఇస్తారు. ఉంచుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఎవరికి ఇచ్చినా ఆర్సీ పేరు మార్పు అయ్యేదాకా వదలకండి. షెడ్డులో రోజుకింత అని పార్కింగ్ ఛార్జీ వేస్తారేమో ఇప్పుడే అడగండి.

వాళ్ళు తేల్చినది అన్యాయం అనిపిస్తే ముందు కంపెనీ గ్రీవెన్స్ (ఫిర్యాదుల) విభాగానికి రాయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (ఇన్సూరెన్స్ తగాదాలు తేల్చే అధికారి) దగ్గరికి పోవచ్చు. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. మన రెండు రాష్ట్రాలకూ అదే ఆఫీసు.

లారీ గురించి ఒక్క మాట. 80 వేగం అంటే సెకనుకు 22 మీటర్లు. డిమ్ లైటులో వెలుగు పడేది కొద్ది దూరమే. లైటు, రిఫ్లెక్టర్ లేని లారీ కనిపించి, మెదడుకు అంది, కాలు బ్రేక్ మీద పడేలోపు ఆ దూరం అయిపోతుంది. నా సర్వీసులో చూసిన ఇలాంటి బళ్ళలో చాలా మటుకు జాగ్రత్తపరులైన డ్రైవర్లవే. లారీ వెనక ఎర్ర రిఫ్లెక్టర్ టేపు ఉందా, కారు కిందికి దూరకుండా అడ్డంగా ఉండాల్సిన ఇనప కమ్మీ ఉందా, మీ దగ్గర ఉన్న ఫొటోల్లో వెతకండి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రెండు బళ్ళూ చూసి రిపోర్టు ఇచ్చి ఉంటాడు. లారీ టెయిల్ లైట్ల గురించి అందులో ఏం రాశాడో కాపీ తీసుకోండి.

ఆ రాయి, కొమ్మ సంగతి కూడా. రోడ్డు మీద మనవాళ్ళు చేసే పనే అది. కానీ రాత్రి పూట కొమ్మ ఎవరికి కనిపిస్తుంది? ఎర్ర త్రికోణం, నాలుగు వైపులా మెరిసే లైట్లు ఉండాల్సిన చోట వేపకొమ్మ పెట్టాను అనడమే వాళ్ళ దగ్గర అవి లేవని ఒప్పుకోవడం.


బైరాగిపట్టెడ కోడలు – ఆగస్టు 5

అందరికీ చేతులెత్తి నమస్కారం. సార్, మీరు రాసిన 22 మీటర్ల సంగతి మా ఆయనకు రెండుసార్లు చదివి వినిపించాను. ఏమీ మాట్లాడలేదు. కానీ నిన్న రాత్రి కొంచెం నిద్రపోయారు.

మా మరిది స్నేహితుడు ఆ రాత్రి తీసిన ఫొటోలు ఆరు దొరికాయి. రెండింటిలో లారీ వెనక భాగం కనిపిస్తోంది. మట్టి కొట్టుకుపోయిన నంబరు ప్లేటు, ఒక పక్క మాత్రమే చిన్న రిఫ్లెక్టర్ ముక్క. కమ్మీ లేదు. కొమ్మ కూడా లేదు.

ఇంట్లో ఇప్పుడు వేరే గొడవ. ఒక లాయరు గుమస్తా వచ్చి, అత్తమ్మ కేసులో లారీ వాళ్ళతో పాటు కారు ఓనరును, కారు ఇన్సూరెన్స్‌ను కూడా ప్రతివాదులుగా పెట్టాలి అన్నాడు. కారు మా ఆయన పేరు మీదే ఉంది. అది విని అత్తమ్మ "నా కొడుకు మీద నేను కేసు వెయ్యాలా? నా తుంటి విరిగితే విరిగింది, నాకు ఏ డబ్బూ వద్దు" అని అన్నం కూడా తినలేదు. రెండు ఆవుల్ని మేపి పాలు పోసి మా ఆయన్ను చదివించిన మనిషి ఆమె. ఆ ఆవుల్ని ఇప్పుడు మా పిన్నత్త వాళ్ళు చూస్తున్నారు. ఆమెకు ఎట్లా చెప్పాలో నాకు తెలియడం లేదు. పైగా ఆ గుమస్తా వచ్చినదాంట్లో నూటికి ఇరవై ఐదు ఇవ్వాలి, వకాలత్ మీద ఇప్పుడే సంతకం పెట్టండి అంటున్నాడు.


కోర్టు పక్కింటి లాయర్, తిరుపతి – ఆగస్టు 6

అమ్మా, నేను యాక్సిడెంట్ కేసులే ఎక్కువ చూస్తాను. మీ అత్తమ్మగారి మాటతో మొదలుపెడతాను. ఎందుకంటే ఈ కారణంతో పెద్దవాళ్ళు హక్కు వదులుకోవడం చాలాసార్లు చూశాను, ప్రతిసారీ బాధగానే ఉంటుంది.

ఆమెకు ఇట్లా చెప్పండి: "అత్తమ్మా, కాగితంలో ఆయన పేరు ఉంటుంది గానీ డబ్బు ఆయన ఇవ్వడు. ఏటా ప్రీమియం కట్టింది ఇందుకే." మీ కారుకు ఫుల్ పాలసీ ఉంది కాబట్టి లోపల కూర్చున్నవాళ్ళకు కూడా అది వర్తిస్తుంది. ఒట్టి థర్డ్ పార్టీ పాలసీ (ఎదుటివాళ్ళకు జరిగిన నష్టానికే పనికొచ్చేది) అయి ఉంటే ఈ మాట చెప్పలేను. ఇది క్రిమినల్ కేసు కాదు, కొడుకును ఎవరూ శిక్షించరు. రెండు బళ్ళ తప్పూ కలిసి ప్రయాణికురాలికి దెబ్బ తగిలితే, ఆమె మొత్తం పరిహారాన్ని ఆ ఇద్దరిలో ఎవరి దగ్గరైనా వసూలు చేసుకోవచ్చని సుప్రీంకోర్టు 2015లోనే స్పష్టం చేసింది. ఇద్దరినీ పార్టీలుగా పెట్టేది ఎవరి వాటా ఎంతో తేల్చడానికి. "నా కొడుకు తప్పు ఇది" అని ఆమె ఎక్కడా చెప్పాల్సిన పని లేదు. తను చూసింది చూసినట్టు చెబితే చాలు.

మీ ప్రశ్నకు జవాబు. వెనక నుంచి గుద్దిన బండిదే తప్పు అని చట్టంలో ఎక్కడా లేదు. కదులుతున్న బండికి మరీ దగ్గరగా వెళ్ళి గుద్దితే ఆ మాట సాధారణంగా నిలుస్తుంది. రోడ్డు మీద చీకట్లో ఆపేసిన బండి విషయం వేరు. ఇతరులకు ప్రమాదం కలిగేలా బండిని వదలకూడదని మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ చెబుతోంది. రాత్రి పూట లైట్లు లేకుండా నడిరోడ్డు మీద ఆపిన ట్యాంకరును కారు గుద్దిన కేసులో, హైకోర్టు సగం తప్పు కారుది అంటే సుప్రీంకోర్టు 2018లో ఆ తీర్పును కొట్టేసింది. అర్చిత్ సైనీ కేసు అది. 2024 సెప్టెంబరులో సుష్మ కేసులో ఇంకో మెట్టు ముందుకు వెళ్ళి, డ్రైవరు నిర్లక్ష్యం ఏదైనా ఉన్నా దాన్ని కారులోని ప్రయాణికుల నెత్తిన రుద్ది వాళ్ళ పరిహారం తగ్గించకూడదని చెప్పింది. పీలేరు రోడ్డు సోదరుడి తల్లికి జరిగిన న్యాయం అదే.

మీ ఆయన సంగతి కొంచెం జాగ్రత్తగా చెప్పాలి. ఆయన తన సొంత ఇన్సూరెన్స్ మీద థర్డ్ పార్టీగా క్లెయిమ్ చేయలేరు. ఓనర్-డ్రైవర్‌కు 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవరు ఉంటుంది కానీ అది మరణానికి, శాశ్వత వైకల్యానికే. ఆయనకు దారి లారీ ఇన్సూరెన్స్ మీద క్లెయిమే. అక్కడ తప్పులో ఆయన వాటా ఎంత అని తేలిస్తే అంత తగ్గుతుంది. 80 వేగం అని దాచకండి. ఆ చోట బోర్డు మీద ఎంత వేగం రాసి ఉందో పగలు వెళ్ళి ఫొటో తీయండి. అలాంటి హైవే మీద 80 అనేది దానంతట అది నేరం కాదు.

ఎఫ్ఐఆర్ చూసి భయపడకండి. అది ముందు వెళ్ళినవాడు చెప్పిన కథ. క్రిమినల్ కోర్టులో లాగా అనుమానానికి తావు లేకుండా నిరూపించాలని ట్రిబ్యునల్ అడగదు, ఏది జరిగి ఉండే అవకాశం ఎక్కువో చూస్తుంది. కానీ చేతులు కట్టుకుని కూర్చుంటే ఆ కథే నిలబడుతుంది. ప్రమాదం జరిగిన 90 రోజుల్లో పోలీసులు ట్రిబ్యునల్‌కు వివరమైన యాక్సిడెంట్ రిపోర్టు పంపాలి. అంటే మీకు సెప్టెంబరు 20 దాకా టైముంది. ఈలోపే మీరు, మీ ఆయన, అత్తమ్మ ముగ్గురూ విడివిడిగా స్టేట్‌మెంట్ ఇవ్వండి. స్టేషన్‌లో తీసుకోకపోతే అదే అర్జీని ఎస్పీ ఆఫీసుకు స్పీడ్ పోస్టులో పంపి రసీదు ఉంచుకోండి. ఫొటోలు జత చేయండి. ఫోన్‌లోని అసలు ఫైళ్ళు చెరపొద్దు, వాట్సాప్‌లో వచ్చినవాటికి తీసిన టైము ఉండదు. 1033 హైవే హెల్ప్‌లైనుకు ఆ సాయంత్రం ఆ లారీ గురించి ఎవరైనా ఫోన్ చేశారా అని సమాచార హక్కు కింద అడగవచ్చు. క్రిమినల్ కేసులో తప్పు ఒప్పుకుని ఫైన్ కట్టే పని మాత్రం నన్నో, ఇంకో లాయరునో అడగకుండా చేయకండి.

క్లెయిమ్ పిటిషన్‌కు ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలలు గడువు. ఒకటి రెండు రోజులు ముందుగానే, డిసెంబరు 20 అని గోడ మీద రాసుకోండి. మీరు తిరుపతిలో ఉంటారు కాబట్టి తిరుపతి కోర్టులోనే వేయవచ్చు, ప్రమాదం ఎక్కడ జరిగినా సరే. పరిహారం కట్టేటప్పుడు వయసును బట్టి ఒక గుణకం (ఏడాది ఆదాయాన్ని హెచ్చించే అంకె) వాడతారు. 41 నుంచి 45 ఏళ్ళ లోపువాళ్ళకు 14, మీ అత్తమ్మ వయసుకు 7. ఆమెకు ఆదాయం లేదని ఎవరైనా అంటే ఊరుకోకండి. పాల కేంద్రంలో లీటర్లు రాసే పుస్తకం ఉంటుంది, అది భద్రంగా తీసి పెట్టండి. ఆసుపత్రి బిల్లులు, మందుల చీటీలు, అంబులెన్సు రసీదు, ఆవుల్ని చూసినవాళ్ళకు ఇచ్చిన డబ్బు, అన్నీ ఒక ఫైలులో పెట్టుకోండి.

ఆ గుమస్తా సంగతి. ఫలితాన్ని బట్టి ఇంత శాతం అని ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకే విరుద్ధం. సంతకం పెట్టకండి. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా లీగల్ సర్వీసెస్ (ప్రభుత్వ న్యాయ సహాయ సంస్థ) ద్వారా ఉచితంగా లాయరును ఇస్తారు. కోర్టు ఆవరణలోనే వాళ్ళ ఆఫీసు. మీ అత్తమ్మ, మీరు ఇద్దరూ అర్హులే.

కాపలా ఆయన్ను సాక్ష్యానికి రమ్మని బలవంతపెట్టకండి. ప్రమాదంలో సాయం చేసినవాళ్ళను పోలీసులు గానీ ఎవరు గానీ ఇబ్బంది పెట్టకుండా 134ఏ సెక్షన్ ఉంది. ఇష్టపడి వస్తేనే తీసుకురండి. మొదట కృతజ్ఞత చెప్పడానికి వెళ్ళండి. మీ బాబును ఎత్తుకున్న మనిషి కదా.


చెర్లోపల్లి వాసి – ఆగస్టు 6

చెల్లెమ్మా, నేను చెప్పింది వెనక్కి తీసుకుంటున్నాను. మా బావ కేసులో ఇవన్నీ మాకు ఎవరూ చెప్పలేదు. మీకు చంద్రగిరి వైపు ఎవరైనా తోడు కావాలంటే, నాకు ఆటో ఉంది, ఆ తోపు దాకా నేను తీసుకుపోతాను. డబ్బులు వద్దు.


బైరాగిపట్టెడ కోడలు – ఆగస్టు 17

వెళ్ళాం. చెర్లోపల్లి అన్న ఆటోలోనే నేను, బాబు. అన్నా, మీ మేలు మరిచిపోను.

పీలేరు రోడ్డు అన్న చెప్పినట్టే అయింది. తోపులో గుడిసె లేదు, ఎండిన కొబ్బరి మట్టలు మాత్రం పడి ఉన్నాయి. రోడ్డు అవతల టీ బంకు ఆమెను అడిగితే, ఐరాల దగ్గర పల్లె ఆయనది, కోత అయిపోగానే వెళ్ళిపోయాడంది. ఆమె దగ్గరే ఫోన్ నంబరు దొరికింది. ఫోన్ చేసి నేను ఎవరో చెప్పాను. "ఆ పిలగాడు బాగున్నాడా?" అని అడిగాడు మొదట. నాకు మాట రాలేదు, ఫోన్ బాబుకు ఇచ్చాను.

పోయిన బుధవారం ఆయనే బస్సెక్కి ఇంటికి వచ్చాడు. ఏడు గంటల నుంచి లారీ అక్కడే ఉందని, డ్రైవరు జాకీ కోసం పోయాడని, లైటు వేసుకోమని క్లీనరుకు రెండుసార్లు చెప్పానని, బ్యాటరీ లేదు అన్నాడని స్టేషన్‌లో చెప్పాడు. రాసుకున్నారు. ఆయన వేలిముద్ర వేస్తుంటే మా ఆయన చంకకర్రలతో నిలబడి చూస్తున్నారు. బయటికొచ్చాక ఆయన చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

క్లెయిమ్ ఫారం జరిగింది జరిగినట్టే రాసి ఇచ్చాం. కారు విప్పారు, చాసిస్ వంగింది, సర్వేయర్ మళ్ళీ వచ్చి చూసి వెళ్ళాడు. రిపోర్టు రావాలి. లారీ ఓనరుకు 60,000 వద్దని కబురు పంపాం.

అత్తమ్మ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. లాయర్ గారు రాసినది చదివి వినిపించాను. "కాగితంలో మాత్రమేనా?" అని మూడుసార్లు అడిగింది. నిన్న సాయంత్రం పాల కేంద్రం పుస్తకం ఎక్కడుందో తనే చెప్పింది, బియ్యం డబ్బా వెనక. 2017 నుంచి ఉంది అందులో. సోమవారం వాకర్ పట్టుకుని లీగల్ సర్వీసెస్ ఆఫీసుకు తీసుకెళ్తున్నాను. అక్కడ మెట్లు ఉన్నాయా, ర్యాంపు ఉందా, ఎవరికైనా తెలిస్తే ఈ రాత్రి లోపల చెప్పగలరా?